నగరమందలి బాలబాలికల వేసవి సెలవులు

(వార్షిక మహాసభయందు బాలల ఉపసంఘము పక్షమున గావింపబడిన ప్రసంగము)



మహాసభలలో బాలురను గూర్చి ప్రసంగించుట మనకు క్రొత్తగాదు. కాని ఆ ప్రసంగము వారి పరీక్షలను గూర్చియో, వారికొసగు విద్యార్థి వేతనములను గూర్చియో యుండును. పిల్లలు బడికి పోవు పదినెలలను గూర్చి మనము చింతించినంతగా, వారు బడికి పోని నెలన్నరను గూర్చి ఎన్నడును చింతింపలేదు. ఆ నెలన్నరయే నేటి మా విషయము. ఆహ్వాన సంఘమువారు దయతో మాకు అరగంట కాలమొసగినారు. భోజనముల వేళ సమీపించినదని మేమెరుగుదుము. కావున ఉపోద్ఘాతము విడిచి విషయమునకు వచ్చెదము.

హైదరాబాదు నగరమున ఏప్రిలు నెల నాలుగవ వారమున బడులు మూయుదురు. జూను రెండవ వారమున తెరుతురు. ఏడాదిలో మిక్కిలి తీవ్రమైన ఎండలు ఈ నడుమనే కాయును. 1966వ సంవత్సరము జూను 2వ తేదీన ఈ నగరమున 45.5 డిగ్రీల ఉష్ణము నమోదైనది. మన చిన్ననాడు సెలవులనగా అమ్మమ్మగారి ఊరు. బడి గంట కొట్టిన మరునాడే బండియెక్కి పోయినవారము, తొలకరి జల్లు పడినపిదపగాని మరలి వచ్చువారము కాము. మామిడితోపు, చెరువుగట్టు, తాటిముంజెలు, ఆరుబయట మంచములు, తాతగారి కథలు, వీనికి ఎవ్వరును రుసుము చెల్లింపలేదు. నేడు మనలో అనేకులకు ఊరిలో ఇల్లు లేదు. ఉన్నచోట తలుపునకు తాళము. అమ్మమ్మయే నగరమునకు వచ్చి మూడవ అంతస్తు గదిలో కూర్చున్నది. ఆమెకును ఆరుబయలు లేదు, మనుమనికిని లేదు.

రెండు సంవత్సరముల క్రిందట మేము మన వసతిగృహము చుట్టునున్న వీధులలో ఇల్లిల్లు తిరిగి, సెలవులలో పిల్లలేమి చేయుచున్నారని అడిగితిమి. తల్లిదండ్రులిద్దరును పనికి పోవు ఇండ్లలో వచ్చిన సమాధానము దాదాపు ఒక్కటియే: "లోపల గడియ వేసికొని కూర్చుండుమని చెప్పి పోవుచున్నాము." ఎనిమిదేండ్ల పిల్ల, ఆరేండ్ల తమ్ముడు, ఒక సెల్‌ఫోను, ఒక గది, పగలంతయు. మరికొన్ని ఇండ్లలో పిల్లవానిని తెలిసినవారి మెకానికు షెడ్డునకో, టీకొట్టునకో పంపుచున్నారు. "ఊరక తిరుగుటకన్న నాలుగు రూపాయలు వచ్చును గదా" అని వారి మాట. పదునాలుగేండ్లలోపు బాలుని ఇట్లు పనిలో పెట్టుట చట్టవిరుద్ధము. 2016లో చేసిన సవరణ ప్రకారము సెలవులలో తమ కుటుంబమువారి పనియందు, అదియు ప్రమాదకరము కానిచో, సాయపడుటకు మాత్రమే అనుమతి కలదు. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక తండ్రి మమ్ము చూచి, "అట్లయిన మీరు వానిని ఎక్కడ కూర్చుండబెట్టెదరో చెప్పుడు" అనెను. మాకడ సమాధానము లేకపోయెను. ఇక గడియ వేసికొని ఇంట నిలువలేని మగపిల్లలున్నారు. వారు నగరపు అంచులలో రాయి తీసిన గుంటలయందు నిలిచిన నీటిలో ఈతకు పోవుదురు. ప్రతి వేసవియందును పత్రికలలో మనము చదువు వార్త అదియే. ఆ గుంటలకు మెట్లుండవు, ఒడ్డు జారుడు, లోతు తెలియదు.

ధనవంతుల బిడ్డలకు దారి లేకపోలేదు. ఈతకొకచోట, చిత్రలేఖనమునకొకచోట, వేలకు వేలు పుచ్చుకొను శిబిరములు వీధివీధినను వెలసినవి. మేము వానిని నిందింపము. కాని మనలో నూటికి ఎందరు ఆ వేలు చెల్లింపగలరు? నగరపాలక సంస్థవారు చాల సంవత్సరములుగా ఏప్రిలు, మే నెలలలో తమ మైదానములలో క్రీడాశిక్షణ శిబిరములు నడపుచు, అనేక క్రీడలకు పది రూపాయలు మాత్రమే పుచ్చుకొనుచుండిరి. పబ్లికు గార్డెన్సులోని జవహర్ బాలభవనమునందు 1966 నుండి పిల్లలకు సంగీతము, నృత్యము, చిత్రలేఖనము మొదలగునవి స్వల్పరుసుముతో నేర్పుచున్నారు. ఇవి దగ్గరలోనున్న పిల్లలకు వరము. ఐతే రెండు బస్సులు మారి పోవలసిన ఎనిమిదేండ్ల పిల్లను ఎవరు తీసికొనిపోవుదురు? ఉచితమనునది రుసుము లేకపోవుటతో తీరదు. నడిచి పోగల దూరమున ఉన్నదే పేదవాని బిడ్డకు ఉచితము.

ఇట్టి పని తెలుగువారికి క్రొత్త గాదని జ్ఞప్తి చేయవలసియున్నది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య అక్కయ్యలని మన తాతలతరము పిలుచుకొన్నవారు, 1940 ప్రాంతమున మదరాసు మహానగరములో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పి, వీధిలోని పిల్లలను జేర్చి పాటలు, ఆటలు, నాటికలు ఆడించిరి. 1945లో బాల పత్రికను ప్రారంభించిరి. పిమ్మట ఆ సంఘము హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ దంపతులకు సంతానము లేదు. పరుల పిల్లలకొరకు వారు అంత చేయగా, మన పిల్లలకొరకు మనమెంత చేసితిమని ప్రశ్నించుకొనిన తల వంచుకొనవలసి వచ్చును.

ఇంతగా చెప్పి మేమేమి చేసితిమో చెప్పకున్న అది వట్టి ఉపన్యాసమగును. గత రెండు వేసవులలోను మన విద్యార్థి వసతిగృహమున మేమొక ప్రయత్నము చేసితిమి. విద్యార్థులు ఊళ్లకు పోవుటచే మే నెలలో ఆ గృహము ఖాళీగా నుండును. ముందు మా తప్పులను చెప్పుకొనెదము.

మొదటి తప్పు, దానిని బడిగా చేయుట. ఏడు గంటలకు ప్రార్థన, ఏడుంబావునకు ఆంగ్లము, ఎనిమిదింటికి వేదగణితము, తొమ్మిదింటికి సూక్తులు, ఇట్లు ఒక పట్టిక వ్రాసి గోడకు అంటించితిమి. పెద్దలు చూచి మెచ్చుకొనిరి. పిల్లలు అరువదిమంది వరకు చేరిరి. పదియవ దినమునకు ఇరువదిమంది మిగిలిరి, వారిలో సగము మా ఉపసంఘసభ్యుల పిల్లలే. మిగిలిన పిల్లలేమైరని విచారింపగా, గోడవతల సందులో కర్రాబిళ్ల ఆడుచున్నారు. మేము గోడకివతల వారికొరకు ఎదురుచూచుచున్నాము! అప్పుడు మాలో నొక పెద్దాయన, విశ్రాంత ఉపాధ్యాయుడు, పట్టికను చింపి, సుద్దముక్క తీసికొని వసారాలో పులిజూదపు గళ్లు గీచి, చింతపిక్కలు పెట్టి, ఒంటరిగా ఆడుకొనుచు కూర్చుండెను. అరగంటలో గోడమీద నాలుగు తలలు కనబడినవి. మూడు పులులు, పదునైదు మేకలు. మేకలు కదలక కట్టుగా నిలిచినచో పులికి దారి యుండదు. ఈ సంగతిని ఆయన పిల్లలకు చెప్పలేదు. పిల్లలే మూడవ ఆటకు కనుగొనిరి.

ఆనాటినుండి ఆటలే మాకు దారి చూపినవి. వామనగుంటలకు పీట లేదు. అరుగుపై ఏడేడు చొప్పున రెండు వరుసల వలయములు సుద్దతో గీచి ఆడిరి. అచ్చనగాయలకు కంకర గులకలు. అష్టాచెమ్మకు గవ్వలు ఒక అవ్వ తన పెట్టెలోనుండి తెచ్చి యిచ్చినది. ఆ అవ్వలకు ఆటలు నేర్పుటలో గల ఉత్సాహము చూచిన మాకు, ఈ కార్యము పిల్లలకొరకా, పెద్దలకొరకా యని సందేహము కలిగినది. మూడవ అంతస్తునుండి సంవత్సరములు దిగనివారు దిగివచ్చిరి. మామిడిటెంకను రాతిపై అరగదీసి బూర చేయుట ఒకరికి తెలియును. తాటాకుతో గిలక చేయుట ఇంకొకరికి. పిల్లలు ఈ విద్యలను నేర్చినంత వేగముగా మా వేదగణితమును నేర్వలేదని ఒప్పుకొనుచున్నాము.

రెండవ తప్పు ఆటలవలె నవ్వి చెప్పదగినది కాదు. మేము అచ్చొత్తించిన చేరిక పత్రమునందు పేరు, వయస్సు, తండ్రి పేరు, పిదప కులము అను గడి యుండెను. సంఘపు పత్రములన్నింటను ఉండునదే గదా యని ఎవ్వరును ఆలోచింపలేదు. మూడవ దినమున మన కులపు బాలిక యొకతె తన స్నేహితురాలిని వెంటబెట్టుకొని వచ్చినది. ఆ స్నేహితురాలు ఎదుటి అపార్టుమెంటు కాపలాదారుని కూతురు. పదేండ్లుండును, చంకలో ఏడాదిన్నర తమ్ముడు. మా కార్యకర్త పత్రము నింపుచు ఆ గడి యొద్దకు వచ్చి, "మీరెవరమ్మా?" అని అడిగెను. పిల్ల చెప్పినది. అతడు కలము ఆపి మావైపు చూచెను. మేము ముగ్గురము అక్కడనే కూర్చుండియుంటిమి. ఒక్కరమైన నోరు విప్పలేదు. అతడు ఆ మౌనమును చూచి, మృదువుగానే, "చంటిబిడ్డలతో వచ్చువారిని చేర్చుకొనుట లేదు" అని చెప్పెను. అది నిజమైన కారణము కాదని అతనికిని తెలియును, మాకును తెలియును, ఆ పిల్లకును తెలియును. ఇద్దరును వెళ్లిపోయిరి. మరునాడు మన పిల్లయు రాలేదు. ఆమె ఇంటికి పోయి అడుగగా, "అది రానిచో నేను రాను" అని చెప్పి లోపలికి పోయినది. తల్లి మమ్ము కాఫీ త్రాగి పొమ్మనెను. ఆ కాఫీ మా గొంతు దిగలేదు.

ఆ సాయంకాలమే ఉపసంఘము కూడి ఆ గడిని కొట్టివేసినది. మరునాటి ఉదయము మేమే కాపలాదారుని గదికి పోయి పిల్లను పిలిచితిమి. తండ్రి వెంటనే ఒప్పుకొనలేదు. మూడు దినములు ఆలోచించి పంపెను. ఆ పిల్లవలన మాకు తెలిసిన దేమనగా, పదేండ్లు దాటిన ఆడపిల్లకు సెలవులు లేనే లేవు. బడి యున్నప్పుడు సగము పూట, బడి లేనప్పుడు పూర్తిపూట ఆమె తల్లిస్థానమున ఉండి చంటివానిని చూచుకొనవలయును. కావున హాలులో నొక మూల పెద్దచాప పరచి, ఇద్దరు అవ్వలను అక్కడ కూర్చుండబెట్టితిమి. అక్కలు తమ్ములను చాపపై దింపి ఆడుకొన పోవచ్చును. ఆ చాప పరచిన వారములోనే ఆడపిల్లల సంఖ్య రెట్టింపైనది. మేము చేసిన పనులన్నింటిలోను విలువైనది ఏదియని అడిగినచో, ఆ చాపయే యని చెప్పుదుము.

ఇక పిల్లలకు చూపిన వింతలలో నొకదానిని వివరింపవలయును. దానికి అయిన వ్యయము ఒక కర్ర. మే 9వ తేదీ ప్రాంతమున, మధ్యాహ్నము 12 గంటల 12 నిమిషములకు, మన నగరమున సూర్యుడు సరిగా నడినెత్తిమీదికి వచ్చును. నిలువుగా నిలిపిన కర్రకు అప్పుడు నీడ యుండదు. కర్కటరేఖకును మకరరేఖకును నడుమ నున్న ప్రతి యూరికిని ఏటికి రెండు దినములు ఇట్టివి వచ్చును. మనకు రెండవది ఆగస్టు మొదటివారమున వచ్చును గాని అప్పుడు మబ్బులు కమ్ముకొనియుండును. కావున వేసవిలోనిదే చూడదగినది. మేడమీద మీటరు పొడవుగల కర్రను తూకపుదారముతో సరిచూచి నిలిపి, ఏప్రిలు చివరివారమునుండి దినదినమును ఆ వేళకు నీడ చివర సుద్దతో గురుతు పెట్టించితిమి. మొదట నీడ ఉత్తరదిశగా ఏడెనిమిది సెంటీమీటర్లుండెను. రోజురోజునకు కురుచయై, తొమ్మిదవ తేదీన కర్ర మొదటిలో కలిసిపోయెను. పిల్లలు తమ నీడలను వెదకుకొనుచు గెంతిరి. అంతటితో వారు విడువలేదు. మరుసటి వారము గురుతు పెట్టుచున్న పిల్లవాడొకడు, నీడ దక్షిణమువైపు పడుచున్నదని కేకవేసెను. సూర్యుడు మనలను దాటి ఉత్తరమునకు పోయినాడని వాడు తన కన్నులతో చూచినాడు. ఉత్తరాయణమను మాటను మనము ప్రతి సంకల్పమునందును వినుచున్నాము, మనలో ఎందరము చూచితిమి? విజయవాడలోనున్న తన పిన్నిగారి పిల్లలు కూడ అదే దినమున చూడవచ్చునా యని ఒకపిల్ల అడిగినది. అక్కడ మూడు నాలుగు దినములు ముందే వచ్చునని చెప్పితిమి. ఆమె జాబు వ్రాసి అడిగి నిశ్చయపరచుకొనవలెనని, పోస్టుకార్డు తెమ్మనెను. ఆ కార్డుతో మొదలై, పిల్లలందరును తమ తాతమ్మలకు జాబులు వ్రాయుట ఒక కార్యక్రమమైనది. కార్డుపై చిరునామా ఎచ్చట వ్రాయవలయునో ఎనిమిదవ తరగతివారికి సైతము తెలియదని అప్పుడే కనుగొంటిమి.

వారమునకొక దినము బయటికి పోయితిమి. ఒక్క పయనమును మాత్రము చెప్పెదము. ఉదయము అఫ్జలుగంజులో దిగినచో, పిల్లల కాలినడకకు అందునంతలో మూడు చూడదగినవి కలవు. మూసీ యొడ్డుననున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము మొదటిది. 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర ఏర్పడి, 1936లో నేటి భవనమునకు వచ్చినది. లోపలికి పోయి చదువుకొనుటకు రుసుము లేదు. ఆ ఎత్తయిన కప్పు క్రింద అడుగిడగానే, ఎవ్వరును చెప్పకయే పిల్లలు గొంతు తగ్గించిరి. ఆ ప్రక్కనే ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నొక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసినప్పుడు, సుమారు 150 మంది ఆ చెట్టునెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ వరద పిమ్మటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. పిల్లలు చెట్టును చూచి, ఏ కొమ్మమీద ఎందరు పట్టుదురని లెక్కించిరి. ఒకడు, "ఎక్కిన వారిలో మన కులమువారెందరు?" అని అడిగెను. మేము నవ్వితిమి గాని, ఆనాడు ఆ చెట్టుమీద అట్టి లెక్క ఎవ్వరు తీసియుందురు!

నదికి ఆవలి యొడ్డున సాలారుజంగు మ్యూజియము. 1951లో ప్రారంభమై 1968లో ఇప్పటి భవనమునకు మారినది. పిల్లలకు ప్రవేశరుసుము లేదు, శుక్రవారము సెలవు. అక్కడి గడియారములో గంటగంటకు చిన్నబొమ్మ బయటికివచ్చి గంట కొట్టిపోవును. పండ్రెండింటికి చేరినచో పండ్రెండు దెబ్బలు వినవచ్చునని ముందే లెక్క చూచుకొని పోయితిమి. అన్ని గదులును చూపవలెనను ఆశ పనికిరాదు. గడియారము, ముసుగు రెబెక్కా విగ్రహము, పిల్లల విభాగము, ఈ మూడింటితో ముగించుట మేలు. మొదటిసారి మేము అంతయు చూపబోయి, ముప్పదిమంది పిల్లలను కాళ్లు పట్టుకొని ఏడ్చునంతగా అలసింపజేసితిమి.

బస్సు ఛార్జీల విషయమై మేమెక్కువ భయపడితిమి. అయితే 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణలో స్త్రీలకును బాలికలకును ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. కావున ఆడపిల్లలును అవ్వలును ఖర్చు లేకయే వచ్చిరి. మగపిల్లలకు మాత్రము టిక్కెట్లు కొంటిమి. ఆడపిల్లను పంపుటకు ఖర్చెందుకనువారే, ఆడపిల్లయైన ఖర్చు లేదు గదా యని పంపిరి.

చార్మినారు, గోలకొండకోట కేంద్ర పురావస్తుశాఖవారి యధీనమున నున్నవి; 15 సంవత్సరములలోపు పిల్లలకు రుసుము లేదు. గోలకొండకు ద్వారములు తెరువగానే పోయి పదింటికి దిగిరావలయును. సింహద్వారముకడ చప్పట్లు కొట్టిన మీది బాలాహిస్సారులో వినబడునన్న సంగతి అందరెరిగినదే. పిల్లలు రెండు జట్లుగా చీలి దానిని గంటసేపు పరీక్షించిరి, కోట చరిత్ర వినుటకు ఓపిక మిగులలేదు. బంజారాకొండల రాతిగుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటివని చెప్పినప్పుడు మాత్రము నిశ్శబ్దముగా నిలిచి, ఒక్కొక్కరే పోయి చేతితో తాకి చూచిరి.

జాగ్రత్తలు: కార్యక్రమము ఉదయము ఆరున్నరకు మొదలుపెట్టి పదింటికి ముగించితిమి. నీడ చూచిన దినములందు తప్ప పదకొండునుండి నాలుగువరకు పిల్లను బయట నిలుపలేదు. ఆ దినములందును తడిగుడ్డ తలపై వేసి అయిదు నిమిషములే. రెండు కుండలు నీరు, ఒక కుండ ఉప్పువేసిన మజ్జిగ ఎప్పుడును ఉండెను. ఈతకు మేము తీసికొనిపోలేదు. మాలో ఈత నేర్పదగినవారు లేరు. నేర్చినవారు సభలో ఉన్నచో వారి పేరులే మాకు మొదట కావలసినవి.

ఇప్పుడు కష్టమైన సంగతికి వచ్చెదము. వసతిగృహపు హాలును మన సంఘము వివాహములకు అద్దెకిచ్చుచున్నది. వైశాఖ జ్యేష్ఠములు ముహూర్తముల కాలము. పిల్లల సెలవులును అప్పుడే. ఆ అద్దెతోనే పేదవిద్యార్థులకు వేతనములు ఇయ్యబడుచున్నవి గావున, అద్దె వలదని మేమనజాలము. గత మే నెలలో నొకనాడు పిల్లలు వచ్చునప్పటికి హాలునిండ పందిరి, పూలు, వంటపాత్రలు. ముందురాత్రియే ఇచ్చివేసిరని మాకు తెలియజేయలేదు. పిల్లలు ద్వారముకడ నిలిచిపోయిరి. పెండ్లివారిలోని యొక పెద్దముత్తైదువ చూచి, లోపలికి పిలిచి, నలుబదిమందికిని ఉప్మా పెట్టించి పంపినది. ఆమె ఔదార్యమునకు నమస్కారము. కాని మన హాలు ద్వారముకడ మన పిల్లలు పరులిండ్ల పెండ్లిలో పిలువని అతిథులవలె నిలువవలసి వచ్చుట మాకు బాధ కలిగించినది.

అద్దె పోవునని కోశాధికారిగారి యాక్షేపణ. మేము పంచాంగమును, గత మూడేండ్ల అద్దె పుస్తకమును ఎదుట పెట్టుకొని చూచితిమి. వివాహములు లేని దినములు మేము తలచినదానికన్న ఎక్కువ. మూఢము వచ్చిన సంవత్సరమున మరింత ఎక్కువ. పెద్దలకు మూఢమైనది పిల్లలకు సుముహూర్తము. వివాహమున్న దినములందు పిల్లలను బయటి పయనములకు తీసికొనిపోవుదుము, హాలు మాకక్కరలేదు. మేము కోరునది ముందుగా తెలియజేయుట, మిగిలిన దినములందు ఉదయము పదింటివరకు అద్దెకియ్యకుండుట. రెండు వేసవుల వ్యయము, సుద్ద, మజ్జిగ, చాప, టిక్కెట్లు అన్నియు కలిపి, హాలు ఒక్కపూట అద్దెకు మించలేదు. లెక్కలు బల్లపైనున్నవి.

ఇతర కులములవారి పిల్లలకు మన ధనమెందుకని రెండవ యాక్షేపణ. ఇది మెల్లగా చెప్పుకొనబడుచున్నది గాని గట్టిగా చెప్పబడుటయే మేలు. ఈ నగరమున కులవసతిగృహములు ఎట్లు పుట్టినవి? పల్లెనుండి చదువునకు వచ్చిన బాలునికి ఇచ్చట తలదాచుకొను చోటు లేక పుట్టినవి. 1918లో రెడ్డి హాస్టలు నెలకొనినది మొదలు, ఒక్కొక్క కులమువారు తమ పిల్లలకొరకు ఒక్కొక్క గృహము కట్టుకొనిరి. అది ఆనాటి అవసరము. పల్లెబాలుడు ఒంటరిగా వచ్చువాడు, వానిని వాని కులమువారే గుర్తించి తీసికొనిపోవువారు. వీధిబాలుడు ఒంటరిగా రాడు. తన తోటివారితో వచ్చును. తోటివారిని వాకిట నిలిపినచో మన పిల్లయు నిలిచిపోవునని మాకు ఒక పదేండ్ల బాలిక నేర్పినది. దీనికి మించిన వాదము మాకడ లేదు. ఈ విషయమున సభ్యులకు భిన్నాభిప్రాయమున్నచో, దయయుంచి ఇచ్చటనే, ఇప్పుడే చెప్పవలయునని కోరుచున్నాము. ఆనాడు మేము చేసినట్లు మౌనముగా నుండవలదు.

ఏదైన ప్రమాదము జరిగినచో బాధ్యత ఎవరిదని మూడవ యాక్షేపణ. బాధ్యత మాది. ప్రతి పదిమంది పిల్లలకు ఒక పెద్ద, తల్లిదండ్రుల అనుమతిపత్రము, దగ్గరి వైద్యుని ఏర్పాటు, ఇవి ఈ సంవత్సరమునుండి తప్పనిసరి చేసితిమి. ఐనను భయము పోదు. గడియ వేసిన గదిలోను, రాతిగుంట నీటిలోను పిల్లలకు కలుగు ప్రమాదమునకు బాధ్యులెవరని మాత్రము ఎవ్వరును మమ్ము అడుగలేదు.

తీర్మానపు ప్రతిని కార్యదర్శిగారికి అందజేసితిమి. మధ్యాహ్నపు సమావేశమున అది మీ ముందుకు వచ్చును. ఉదయము పూట మూడుగంటలు ఇయ్యగలవారు, స్త్రీలైనను పురుషులైనను, తమ పేరును, రాగల వారములను, తమకు వచ్చిన ఆటనో పనినో ద్వారముకడనున్న పుస్తకమున వ్రాయవలయును. చదువుకొననివారు వేలిముద్ర వేయవచ్చును. మాకు అచ్చనగాయలు నేర్పిన అవ్వకు సంతకము రాదు. ఇంట వాడక పడియున్న చాపలు, గవ్వలు, పిల్లల పుస్తకములు ఏప్రిలు 15వ తేదీలోగా వసతిగృహమునకు చేర్చవలయును. కాపలాదారుని కుమార్తె ఈ సంవత్సరము ఆరవ తరగతికి పోవుచున్నది. పులిజూదము నేర్పుటకు తానే వచ్చెదనని కబురంపినది. ఆమె తమ్మునికి మూడేండ్లు నిండినవి గావున చాప అక్కరలేదట, తానును పరుగెత్తగలడట.